ఒళ్లో బిడ్డకు బరువు లేదా?

నాట్ల కాలంలో పొద్దున ఆరున్నరకు మాచారెడ్డి రోడ్డు మీద నిలబడితే ఒక వింత లెక్క కనబడుతుంది. కైకిలికి పోయే స్త్రీలతో నిండిన ట్రాలీ ఆటో ఆగుతుంది. ఎంతమంది ఉన్నారమ్మా అని అడిగితే "పద్దెన్మిది మందిమి" అంటారు. తలలు లెక్కపెడితే ఇరవై రెండో, ఇరవై మూడో తేలతాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే ఒళ్లో ఉన్న చంటిపిల్లల దగ్గర, తల్లి కొంగు పట్టుకుని కాళ్ల మధ్య నిలబడ్డ మూడేళ్లవాళ్ల దగ్గర. వాళ్లకు కిరాయి లేదు కాబట్టి డ్రైవరు లెక్కలో లేరు. రోజుకూలి లేదు కాబట్టి గుంపు మేస్త్రీ లెక్కలో లేరు. చివరకు తల్లుల లెక్కలోనూ లేరు. ఒళ్లో ఉన్న బిడ్డ వేరే మనిషి అని మనకు అనిపించదు.

అనిపించకపోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే, నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర, 2022 మే 8న ఒక గూడ్సు ట్రాలీని లారీ ఢీకొంది. పిట్లం మండలం చిల్లర్గి గ్రామస్తులు చావు కార్యం తర్వాత ఎల్లారెడ్డి అంగడికి పోయి తిరిగి వస్తున్నారు. సరుకులు వేసుకునే ఆ బండిలో పాతికమంది దాకా ఉన్నారు. కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్లలో చాలామంది స్త్రీలు. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 మార్చిలో, నిజామాబాద్ జిల్లా మెండోరా దగ్గర మనుషులను కుక్కుకుని పోతున్న ఆటో రోడ్డు పక్క బావిలో పడింది. అందులోనూ పదిమందికి పైగా పోయారు. స్త్రీలు, పిల్లలు. అదే సంవత్సరం సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో నూరుమంది దాకా ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ప్రతిసారీ మరునాటి పేపర్లలో రెండు మాటలు అచ్చవుతాయి: "అతివేగం", "అధిక లోడు". లోడు అన్నమాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆ లోడు ఎవరు?

ముందు బరువు సంగతి చూద్దాం. ఛోటా హాథీ అని మనవాళ్లు పిలుచుకునే టాటా ఏస్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. మొదటి మోడలు మోయగల బరువు ముప్పావు టన్ను, అంటే 750 కిలోలు. డ్రైవరుతో కలిపి ముందు ఇద్దరికే సీటు. మనిషికి సగటున 50 కిలోలు వేసుకున్నా పాతికమంది అంటే 1,250 కిలోలు, ఐదు వందల కిలోలు ఎక్కువ. ఆ బ్రేకులు, ఆ టైర్లు, ఆ స్ప్రింగు పట్టాలు అంత బరువు కోసం చేసినవి కావు. బ్రేకు నొక్కినా బండి ఆగాల్సిన చోట ఆగదు. ఇంకొక సంగతి కూడా ఉంది. వడ్ల బస్తాలు అడుగున పడి కదలకుండా ఉంటాయి. నిలబడ్డ మనుషుల బరువు బండికి పైన ఉంటుంది, మూల తిరిగినప్పుడల్లా అందరూ ఒకవైపు ఒరుగుతారు, వాళ్లతోపాటు బండీ ఒరుగుతుంది. పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. బిడ్డను ఒక చేత్తో పట్టుకున్న తల్లికి మిగిలేది ఇంకో చెయ్యే.

ఇప్పుడు చట్టం ఈ బరువును ఎలా కొలుస్తుందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లోది. 2019లో దానికి పెద్ద సవరణ వచ్చింది. 194వ సెక్షన్ ప్రకారం పరిమితికి మించి సరుకు వేస్తే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. దాని పక్కనే 194-ఏ అని కొత్త సెక్షన్ చేర్చారు. అనుమతికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే జరిమానా మనిషికి 200 రూపాయలు. సరుకు బరువు ఎక్కువైతే రోడ్డు పాడవుతుంది, ప్రభుత్వానికి ఖర్చు. మనుషులు ఎక్కువైతే పాడయ్యేది మనుషులే. (పెంచిన జరిమానాలను తెలంగాణ అప్పట్లో అమలులోకి తేలేదు కాబట్టి చలానులో రాసే అంకె వేరుగా ఉండవచ్చు. నేనంటున్నది అంకెల వెనకున్న చూపు గురించి.)

అయితే అదే 194-ఏలో ఒక మంచి మాట ఉంది. దాన్ని మన సంఘాలు ఇంతవరకూ సరిగా వాడుకోలేదు. ఎక్కువైన ప్రయాణికులను దించాలి, దించినవాళ్లకు వేరే ప్రయాణ ఏర్పాటు చెయ్యాలి, అప్పటిదాకా ఆ బండిని కదలనివ్వకూడదు. ఇది చట్టంలోనే ఉన్న మాట. ఆచరణలో ఏం జరుగుతోంది? ఒకసారి నా కళ్లముందే ట్రాలీని ఆపి ఆడవాళ్లను రోడ్డు మీద దించారు. ఫొటో తీశారు, చలాను రాశారు, బండిని పంపించారు. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండ, చెట్టు లేదు, ఇద్దరు చంటిపిల్లలు. ఒకామె అన్నది: "ఎక్కొద్దంటున్నరు మంచిగనే ఉన్నది. బస్సొస్తే గదా అక్కా ఎక్కుడు?" అరగంట తర్వాత అదే ట్రాలీ తిరిగొచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది. భద్రత పేరుతో జరిగిన పని ఎండలో అరగంట శిక్షగా ముగిసింది. ఆ శిక్షయినా పడింది ఎవరికి? బండి యజమానికి కాదు.

బస్సు మాట వచ్చింది కాబట్టి, మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. మంచిదే, ఎంతోమంది ఇల్లు దాటగలిగారు. కానీ సున్నా టికెట్టు ఉపయోగపడేది బస్సు ఆగే ఊళ్లో, బస్సు వచ్చే వేళకు. మాచారెడ్డి ప్రధాన రహదారి మీద ఉంది, దాని లోపలి తండాలు లేవు. నాట్లకు, కోతలకు పోయే స్త్రీ చేరాల్సింది ఒక రైతు పొలం గట్టుకు, బస్టాండుకు కాదు. అంతదూరం ఆమెను చేర్చేది ట్రాలీయే. ఆ కిరాయిని మేస్త్రీ ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటాడు, కాబట్టి ఎంతమంది ఎక్కితే తలకు అంత తక్కువ పడుతుంది. బరువు పెరిగేది ఇక్కడే. డ్రైవరును తిట్టి లాభం లేదు. అతను చాలాసార్లు మన ఊరి పిల్లవాడే, బండి కిస్తీ కట్టుకోలేక సతమతమవుతుంటాడు. కూలీలను పిలిపించుకునేవాళ్లు వాళ్ల రాకపోకల బాధ్యత కూడా తీసుకోవాలని మనం ఇంతవరకు కూలి బేరాల్లో పెట్టలేదు. కూలి రేటు కోసం కొట్లాడాం, సీటు కోసం కొట్లాడలేదు.

ఇంక పిల్లలు ఆ బండిలో ఎందుకున్నారు? ఈ ప్రశ్నను తల్లి నిర్లక్ష్యం అనే జవాబుతో మూసేయడం అందరికీ సులువు. భర్త గల్ఫ్‌లో ఉంటే, అత్తకు చూపు ఆనకపోతే, అంగన్‌వాడీ తలుపు తెరిచే వేళకు ఆమె సగం మడి నాటేసి ఉంటే, బిడ్డ ఎక్కడుండాలి? నాట్ల నెలన్నర, కోతల నెల అంగన్‌వాడీలు పొద్దున ఆరింటికి తెరిస్తే ట్రాలీలో బరువు సగం పిల్లల మేరకైనా తగ్గుతుంది. దానికి అదనపు వేతనం ఇవ్వకుండా అంగన్‌వాడీ టీచరు నెత్తిన ఇంకో పని పెట్టమని మాత్రం నేను అనడం లేదు. ఆమె కూడా స్త్రీయే, ఆమె మీద ఉన్న బరువు ఇప్పటికే పరిమితి దాటింది.

కార్ల విషయానికి వస్తే అక్కడ వర్గం మారుతుందేగాని ఒడి మారదు. ఈ రోడ్డు మీదుగానే కుటుంబాలు వేములవాడకు మొక్కులకు పోతాయి. ఏడు సీట్ల బండి మాట్లాడుకుంటే పిల్లలను "సర్దుకుని" పదకొండు మంది ఎక్కుతారు. 2021 డిసెంబరులో మన జిల్లాలోనే పెద్దకొడప్‌గల్ మండలం జగన్నాథ్‌పల్లి దగ్గర డజను మంది దాకా ఉన్న క్వాలిస్ ఆగివున్న లారీని గుద్దుకుంది. ఆరుగురు చనిపోయారు, పిల్లలూ ఉన్నారు. మరుసటి మార్చిలో మాచారెడ్డి మండలం ఘన్‌పూర్ దగ్గర ఆర్టీసీ బస్సు, కారు ఢీకొన్నప్పుడు ప్రాణాలు పోయింది కారులోనివాళ్లకే.

ఒడి భద్రం అని మనకు నేర్పారు. అమ్మ చేతుల్లో ఉన్న బిడ్డకు ఏమీ కాదని పాటల్లో, కథల్లో విన్నాం. కారులో మాత్రం అది నిజం కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్కసారిగా ఆగిపోతే పది కిలోల బిడ్డ దాదాపు 300 కిలోల బలంతో ముందుకు దూసుకుపోతుంది. ఆ క్షణంలో ఏ తల్లి చేతులూ ఆపలేవు. అది ప్రేమకు సంబంధించిన విషయం కాదు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే ఇంకా ఘోరం, తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పెద్దవాళ్లను కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగే బిడ్డ ముఖానికి దెబ్బ అవుతుంది. పెద్దవాళ్ల బెల్టు చిన్నపిల్లలకు మెడ మీదికి, పొట్ట మీదికి వస్తుంది. అందుకే పిల్లల ఎత్తుకు, బరువుకు తగిన సీటును కారు సీటుకు బిగించాలి, వెనక సీట్లోనే కూర్చోబెట్టాలి. ఇలాంటి సీట్లు వాడితే శిశువుల మరణాలు 71 శాతం దాకా తగ్గగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన చట్టంలోనూ 194-బి సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు లేకుండా, తగిన సీటు లేకుండా తీసుకుపోతే నడిపేవాళ్లకు 1,000 రూపాయల జరిమానా. నడిపేవాళ్లకు అని గమనించండి, తల్లికి కాదు. ఇంట్లో మాత్రం "నువ్వు సరిగ్గా పట్టుకోలేదు" అన్న మాట జీవితాంతం పడేది తల్లే. ఆ పిల్లల సీటు ఖరీదు వేలల్లో ఉంటుంది. కారు కొన్నవాళ్లు అలంకారాలకు పెట్టే డబ్బులో అది వస్తుంది, కాని దాన్ని ఖర్చుగా కూడా ఎవరూ అనుకోవడం లేదు. మోటారుసైకిలు మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు నడుము పట్టీ, హెల్మెట్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. మన ఊళ్లలో దాన్ని విన్నవాళ్లు ఎందరు?

ప్రమాదం తర్వాత సంగతి కార్యకర్తలకు తప్పకుండా తెలియాలి. హసన్‌పల్లి మృతుల కుటుంబాలకు ప్రధానమంత్రి సహాయనిధి నుంచి 2 లక్షలు ప్రకటించారు. అది సహాయం. నష్టపరిహారం అనేది హక్కు. ఆ హక్కు దగ్గరే ట్రాలీ ఎక్కిన స్త్రీ దెబ్బతింటుంది. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో చెప్పింది. తమ సరుకుతో వెళ్తున్న యజమానికో, అతని ప్రతినిధికో మాత్రం వర్తిస్తుంది. అంటే బస్తా వెంట వెళ్తే మనిషి, బస్తా లేకపోతే ఎవరూ కాదు. బల్జీత్ కౌర్ కేసులో 2004లో కోర్టు ఒక దారి చూపింది: ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని. వకీళ్లను దీని గురించి పట్టుబట్టి అడగాలి. ప్రయాణికుల బండే అయినా, అనుమతించిన సంఖ్య వరకే కంపెనీ బాధ్యత అని 2007లో అంజనా శ్యామ్ కేసులో తీర్పు ఉంది. వచ్చిన మొత్తాన్ని అందరూ పంచుకోవాల్సిందే. క్లెయిము ఆరునెలల్లో వెయ్యాలన్న నియమం 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ వచ్చింది. దానిమీద సుప్రీంకోర్టులో వాదాలున్నాయి, అయినా ఆ ధైర్యంతో ఆలస్యం చెయ్యకండి. ఇంటిపని చేసే స్త్రీ పనికి విలువ కట్టాల్సిందేనని 2021 జనవరిలో కీర్తి కేసులో చెప్పారు కాబట్టి "ఆమె సంపాదించదు" అన్న వాదనను ట్రిబ్యునల్లో ఒప్పుకోవద్దు.

వచ్చే నాట్లకు ముందు మన సంఘాలు చెయ్యగలిగిన పనులు నాకు తోచినవి చెబుతాను. ట్రాలీ ఆపిన ప్రతిచోటా 194-ఏ మాట గుర్తుచేసి, వేరే బండి ఏదని అడగాలి. అడిగినట్టు కాగితం మీద పెట్టాలి. కామారెడ్డి డిపోకు ఊరి పేర్లు, పొద్దున పోయే వేళ, సాయంత్రం వచ్చే వేళ రాసి ఇవ్వాలి, ఉత్త విజ్ఞప్తి కాదు. చట్టం ప్రకారం జిల్లాకొక రోడ్డు భద్రతా కమిటీ ఉండాలి, అక్కడ కూలి స్త్రీల తరఫున మాట్లాడే వాళ్లను కూర్చోబెట్టాలని కలెక్టరును కోరాలి. మండలంలో ఏ ఊరి నుంచి ఎంతమంది స్త్రీలు, ఎంతమంది పిల్లలు ఏ బండిలో పోతున్నారో ఒక నెలరోజులు మనమే రాసుకోవాలి. పిల్లల గడి వేరుగా ఉండాలి. అడిగేటప్పుడు "ఎంతమంది?" అని ఒకసారి, "ఒళ్లో ఎంతమంది?" అని ఇంకోసారి అడగండి.