కాలువను చదువని చదువు

మా పాఠశాల గోడవెనుక గోదావరి కాలువ పారుచున్నది. 1852లో ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట ముగిసిన పిదప డెల్టానంతయు అల్లుకొన్న కాలువలలో నిది యొకటి. పొలములకును, వేసవికై నింపుకొను మంచినీళ్ల చెరువులకును నీరిదియే. అయినను జీవవైవిధ్యమనగా నేమో తెలిసికొనుటకు మా పిల్లలు గోడ దాటనక్కఱలేదట, పుస్తకములో నిర్వచనమున్నదట!

ఈ తప్పులో నాకును పాలు గలదు. జలకాలుష్యమునకు కారణములు వ్రాయుడని ఒకనాడు ప్రశ్న నిచ్చితిని. ఒక బాలిక పది కారణములను వరుస తప్పక వ్రాసి పూర్తి మార్కులు పొందెను. మన కాలువలో నే చేపలున్నవని యడుగగా, ఒక్క పేరైన చెప్పలేకపోయెను. అంతట జాలరివారి కుఱ్ఱవాడు వెనుక బల్లనుండి లేచి, “కొర్రమీను తప్ప ఇంకేం పడటం లేదండి మేష్టారూ. నీళ్లు చెడిపోయాయి” అనెను.

ఆ మాటలో శాస్త్రమున్నది. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనును. నీటిలోని ప్రాణవాయువు తగ్గి తక్కిన చేపలు నశించినను ఇది నిలువగలదు. కావున చేపలుండుట మాత్రమే నీటి యారోగ్యమునకు గుఱుతు కాదు. ఎన్ని జాతులున్నవో చూడవలెను. ఆ బాలుని నేను మందమతియని వ్రాసియుంటిని. మందమతి యెవ్వడు?

పాఠశాలలలో పర్యావరణ విద్య నిర్బంధముగ నేర్పవలెనని 1991లో సర్వోన్నత న్యాయస్థాన మాదేశించెను. మనమేమి చేసితిమి? పిల్లల సంచిలో మఱియొక పుస్తకము చేర్చితిమి.

దీనికి ధనమక్కఱలేదు, వారమునకొక గంట చాలును. తెల్లని పళ్లెమునకు బరువును, త్రాడును గట్టి, కంటికి కనబడకుండునంతవఱకు నీటిలో దింపి లోతు కొలువవలెను. 1865లో ఇటలీ పండితుడు సెక్కీ చూపిన యుపాయమిది. జల్లెడతో గట్టుబురద జాడించి, తూనీగపిల్ల లెన్నియో, ఎఱ్ఱపురుగు లెన్నియో లెక్కింపవలెను. మన నెత్తురునకు ఎఱుపునిచ్చు పదార్థమే ఆ పురుగులయందును ఉండుటచే, ప్రాణవాయువు కొఱవడిన బురదలోను అవి బ్రతుకును. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుఱ్ఱపుడెక్క ఎన్ని గజములు క్రమ్మినదో చూడవలెను. అన్నిటిని తేదీతోసహా ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒకనాటి లెక్క వినోదము. పదేండ్ల లెక్క సాక్ష్యము. ఊరి మురుగు కాలువలో కలియుచున్నదని పంచాయతీవారి యెదుట నిలిచి చెప్పుటకు బిడ్డల కట్టి సాక్ష్యము కావలెను.

“నీట బడరా?” అందురు. ఇద్దఱు పెద్దలు తోడుండి, మెట్లపైననే నిలిపి, త్రాడు దింపించినచో భయమేల? “ఆడపిల్లలు గట్టున తిరుగుటయా?” అని ఆ పది కారణముల బాలిక తండ్రియే నన్నడిగెను. అయ్యా, రేపు ఆ నీటిని కాచి, వడబోసి, మీ మనుమలకు పోయవలసినది ఆమెయే కదా! ఇంకొక యాక్షేపణ గలదు. దానిని పైకి చెప్పరు. జాలరివానివద్ద మా బిడ్డ నేర్చుకొనవలెనా యని. ఈ గర్వమే మన చదువును కాలువకు దూరము చేసినది.

గృహస్థులారా! పాఠశాల మేలుకొనువఱకు వేచియుండకుడు. ఈ ఆదివారము మీ కుమార్తెను, కుమారుని రేవునకు తీసికొనిపొండు. వారి ప్రశ్నకు జవాబు తెలియనిచో, గట్టున వల బాగుచేసికొనుచున్న వానిని మర్యాదగా నడుగుడు.