కుండీలో రాధామనోహరం

పెరడు లేనివారికి పూలతీగ యోగం లేదనుకోవడం సబబు కాదు. పూర్వం వీధి గుమ్మం మీద పందిరి వేసి రాధామనోహరం ఎక్కించేవాళ్ళం. ఇప్పుడు ఫ్లాటుకు నాలుగడుగుల బాల్కనీ దక్కితే అదే పదివేలు. ఆ నాలుగడుగుల్లోనూ ఈ తీగ పూస్తుంది. మా ఇంట్లో పూస్తున్నది కూడాను.

ముందు దాని పేరు సంగతి చెప్పనివ్వండి. తెలుగు మాస్టరుకు పేరు కనబడితే ఊరుకోబుద్ధి కాదు. ఇంగ్లీషువారు దీన్ని రంగూన్ క్రీపర్ అన్నారు. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీ కొలువులో ఆంబోయినా ద్వీపంలో ఉన్న రంఫియస్ పండితుడు, మలై భాషలో దీని పేరు 'ఉడాని' అని విన్నాడు. దాన్ని పోలిన డచ్చి మాటకు 'ఎలాటిది?' అని అర్థం. ఆయన దాన్నే లాటిన్‌లోకి మార్చి 'క్విస్ క్వాలిస్' అన్నాడు. అంటే 'ఎవరు? ఎలాటివారు?' అని! 1762లో లిన్నేయస్ ఆ పేరునే ఖాయం చేశాడు. నేటి శాస్త్రజ్ఞులు వేరే పేరు పెట్టారుగాని, నాకు ఆ ప్రశ్నే ముద్దు. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీరంగై, ఆపైన ఎర్రబడుతూంటే, ఎవరమ్మా నువ్వు అని అడగరూ?

ఇక పెంపకం. పదిహేనంగుళాల కుండీ, అడుగున నీరు పోయే కంత, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక చాలు. రోజుకు అయిదారు గంటల ఎండ తగలాలి. గది మూలన అలంకారానికి పెడితే ఆకులే మిగులుతాయి. ఎరువు మితిమీరినా అంతే. చలికాలంలో నీరు తగ్గించండి. పాకడానికి రెండు తాళ్ళు కట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం కత్తెర. ఈ తీగ కొత్త చివుళ్ళకే పూస్తుంది. చలికాలం చివర సగానికి కోసెయ్యాలి. చెప్పడం తేలికే! ఊళ్ళో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేటప్పుడు మా అమ్మ, పందిరి తీగ కొమ్మను మట్టిలోకి వంచి, వేళ్ళు పోయించి తెచ్చిన మొక్క ఇది. నేను కత్తెర తియ్యగానే, "ఆ ఇంటినుంచి మిగిలింది ఇదొక్కటేరా. దీన్నీ కోస్తావా?" అన్నది. ఏమనను? కత్తెర లోపల పెట్టేశాను. ఆ ఏడు తీగ బాల్కనీ కప్పుదాకా పాకింది. ఆకులు తప్ప ఒక్క గుత్తి లేదు.

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్ళాక అమ్మే కత్తెర తెచ్చి నా చేతికిచ్చింది. "పువ్వు చూడాలని ఉందిరా, కొయ్యి" అని, తను మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయింది. వేసవిలో ఆ మోళ్ళకే గుత్తులు వేళ్ళాడాయి. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇల్లంతా పరిమళం.

కోసిన కొమ్మలు పారెయ్యకండి. తడిమట్టిలో గుచ్చి నీడన ఉంచితే కొన్నయినా నాటుకుంటాయి. మా మెట్ల వరసలో నాలుగిళ్ళకు అలా చేరింది. ఆ ఇళ్ళ పిల్లలకు రాధామనోహరమంటే తెలియదు, క్విస్ క్వాలిస్ అసలే తెలియదు. వాళ్ళు దాన్ని 'మామ్మగారి తీగ' అంటారు.