తడిసిన చీర ఎవరిది?

నేను వేసిన ఒక బొమ్మని చిత్రలేఖన పోటీకి పంపితే, "ఇది సినిమా పాటకి కాపీ. ఇందులో మీ సొంత ఊహ ఏముంది?" అని తిప్పి పంపారు. మన సంఘంలో చూపిస్తే ఇంకో అభ్యంతరం: "అలాంటి పాటలు వద్దని మనం పోరాడుతుంటే, నువ్వు వాటినే కూర్చుని గీయడమేమిటి?" ఇద్దరికీ ఇక్కడే జవాబు చెప్పదలచుకున్నాను.

వాన పాట మనందరం చూసిందే. హీరోయిన్ చీర తడవాలి, ఒంటికి అంటుకోవాలి. కెమెరా నడుము దగ్గర ఆగుతుంది, మొహాన్ని వదిలేస్తుంది. సెకనుకి 24 ఫ్రేములు పరిగెడుతుంటే ఏం కోసేశారో కంటికి ఆనదు. నేను పాటని ఆపుతాను. ఒక్క ఫ్రేముని రోజుల తరబడి గీస్తాను. అప్పుడు తెలుస్తుంది, ఈమెకి తల లేదని, నిలబడడానికి నేల లేదని. పైనా కిందా కాగితం అతికించి తల గీశాను, పాదాలు గీశాను.

మాది చీరాల. మగ్గాల ఊరు. వానంటే మా వీధిలో శృంగారం కాదు. మగ్గం గుంటలో నీళ్లు ఊరతాయి, నేత ఆగిపోతుంది. వీధిలో పడుగు సాచి గంజి పెట్టడం కుదరదు. కండెలు చుట్టే ఆడవాళ్ల పనిని మామూలు రోజుల్లోనే ఎవరూ లెక్కలో వేయరు. బొమ్మని వాళ్లకే చూపించాను. మా పెద్దమ్మ, "ఆ పిల్ల చీర తడిస్తే వాళ్లకి డబ్బులు. మా పడుగు తడిస్తే మాకు పస్తులు" అంది. ఆ మాట విన్నాక పాటలోని కొండల్ని చెరిపేసి, ఆమె పాదాల కింద నీళ్లు నిండిన మగ్గం గుంటని గీశాను. ఆపి చూడడం, గీయడం, చూపించడం, విన్నదాన్ని బట్టి మార్చడం – ఇది పరిశోధన కాకపోతే మరేమిటి? చేతులతో చేస్తే పరిశోధన కాదా?

ఇది కొత్త దారీ కాదు. బెంగళూరు కళాకారిణి పుష్పమాల 2000-2004 మధ్య క్లేర్ ఆర్నీతో కలిసి, రవివర్మ బొమ్మల్నీ సినిమా స్టిల్స్‌నీ తానే వేషం కట్టి ఫొటోలుగా మళ్లీ నిలబెట్టింది. దాన్ని కాపీ అనగలమా?

ఇక నిషేధం సంగతి. సినిమా పాటల్లో అసభ్యమైన నృత్యాలపై 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ హెచ్చరిక జారీ చేసింది. మంచిదే. కాని 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం చూడండి. నాలుగో సెక్షన్ పుస్తకాన్నీ, ఫొటోనీ, పెయింటింగునీ పేరుపెట్టి చెబుతుంది. సెన్సారు కిందికి వచ్చే సినిమాని మాత్రం మినహాయిస్తుంది. కళ పేరిట బొమ్మకీ మినహాయింపు ఉంది, అయితే రుజువు చేసుకోవాలి. కోట్లు పెట్టి తీసినవాడికి లేని బాధ కుంచె పట్టినదానికి! పైగా 'అసభ్యం' అన్న మాట చివరికి కెమెరా మీద పడదు, ఆడిన అమ్మాయి మీద పడుతుంది.

వినతిపత్రాలు ఇద్దాం, వద్దనను. కాని ఏది చూపాలో ఏది కూడదో తేల్చే పని ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఎందుకుండాలి? మన బొమ్మని మనం తిరిగి గీసుకోవడం కూడా హక్కే. వచ్చే సమావేశంలో నాకొక గోడ ఇవ్వండి. రంగులు నేను తెస్తాను. తల కోసేసిన బొమ్మ ఒక్కోటి మీరు తీసుకురండి.