అద్దాలు సరే.. రెటీనా మాటేమిటి?

బడి పిల్లల హ్రస్వదృష్టిపై ఏటా పరీక్షలు అవసరం

కమలాపురం: నల్లబల్లపై అక్షరాలు ఆనడం లేదని పిల్లలు చెప్పినప్పుడు కళ్లజోడు తెచ్చిపెడితే బాధ్యత తీరినట్లేనని అనేకమంది తల్లిదండ్రులు భావిస్తున్నారు. అద్దాలు చూపును సరిదిద్దగలవే గాని, సాగిపోయిన కనుగుడ్డును పూర్వస్థితికి తేలేవు. హ్రస్వదృష్టిలో అసలు ముప్పు అక్కడే పొంచి ఉంది.

కనుగుడ్డు సాగితే..

పుట్టిన శిశువు కనుగుడ్డు ముందు నుంచి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్ల పొడవుంటుంది. పెద్దయ్యేసరికి అది 24 మిల్లీమీటర్ల వద్ద నిలవాలి. కొందరు పిల్లల్లో ఆ ఎదుగుదల ఆగక కనుగుడ్డు ఇంకా సాగుతుంది. ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే సుమారు రెండున్నర డయాప్టర్ల మేర మైనస్ పవర్ పెరుగుతుంది. కంటి లోపలి గోడను అంటిపెట్టుకుని ఉండే సున్నితమైన పొర రెటీనా. బుడగను ఊదేకొద్దీ దాని పొర పలుచబడినట్లు, కన్ను సాగేకొద్దీ ఇదీ పలుచబడుతుంది. అంచులలో బలహీనపడి రంధ్రాలు పడవచ్చు. వాటి గుండా ద్రవం చేరి పొర ఊడిపోతే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదముంది.

అమెరికాలో 1993లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మైనస్ 1 నుంచి 3 వరకు పవర్ ఉన్నవారిలో రెటీనా ఊడే ప్రమాదం మామూలు కళ్లవారి కంటే నాలుగు రెట్లు, 3 దాటినవారిలో పది రెట్లు అధికం. మైనస్ 6కు చేరితే తీవ్ర హ్రస్వదృష్టిగా పరిగణిస్తారు. ఇటువంటి సమస్యలు ఎక్కువగా పెద్దయ్యాక బయటపడినా, వాటికి బీజం పడేది బడి వయసులోనే. ఎంత చిన్న వయసులో అద్దాలు వస్తే పవర్ అంత ఎక్కువకు చేరే అవకాశముంది.

పల్లెలకూ తప్పలేదు

ఇది పట్టణ పిల్లల జబ్బన్న అభిప్రాయం సరికాదు. మన సీమ వలెనే కరవుకు పేరుబడిన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను పరీక్షించగా 4.1 శాతం మందిలో హ్రస్వదృష్టి ఉన్నట్లు 2002లో వెల్లడైంది. అప్పటికి పల్లె పిల్లల చేతికి సెల్‌ఫోన్ రాలేదన్నది గమనార్హం.

రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన కంటి వెలుగు పథకం తొలి విడత బడి పిల్లలతోనే మొదలైంది. సుమారు 70 లక్షల మందిని పరీక్షించాలని అప్పట్లో తలపెట్టారు. ఇటువంటి శిబిరాల మేలు కాదనలేనిది. అయితే బడిలో పట్టిక చదివించి చేసే ప్రాథమిక పరీక్షలో తెలిసేది చూపు సంగతే. రెటీనా స్థితి తెలియాలంటే చుక్కల మందుతో కంటిపాపను విప్పార్చి నిపుణులు చూడాలి. అందుకు కమలాపురం పల్లెల వారు కడపకు వెళ్లిరావాలంటే చార్జీలతో పాటు ఒక రోజు కూలీ వదులుకోవాలి. పవర్ ఏటా ఎంత పెరుగుతోందో పాఠశాలలో నమోదు చేసి, వేగంగా పెరిగే పిల్లలను గుర్తించి ఆసుపత్రికి పంపే ఏర్పాటుంటే ఆ ఖర్చు అవసరమైన వారికే పరిమితమవుతుంది.

ఆరుబయటే ఔషధం

చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 పాఠశాలల్లో మూడేళ్లపాటు ఒక ప్రయోగం జరిగింది. రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో 30.4 శాతం మందికి, మిగిలిన వారిలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చినట్లు 2015లో ప్రకటించారు. ఇందుకు మండుటెండలో నిలబెట్టనక్కరలేదు. చెట్టు నీడన ఉండే వెలుతురు కూడా తరగతి గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆటల పీరియడ్‌ను లెక్కల పాఠానికి మళ్లించే పాఠశాలలు ఈ విషయం ఆలోచించాలి. పవర్ పెరుగుదలను నెమ్మదింపజేసే అట్రోపిన్ చుక్కలు ఉన్నా, వాటిని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.

కళ్ల ముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లటి చుక్కలు తేలడం, ఒక పక్క తెర దించినట్లు చీకటి కమ్మడం రెటీనా ప్రమాద సూచనలు. ఇందులో నొప్పి ఉండదు. అందుచేతనే నిర్లక్ష్యం జరుగుతుంది. అటువంటప్పుడు కళ్లజోడు దుకాణానికి కాక, అదే రోజు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అద్దాలు వచ్చిన పిల్లలకు ఏడాదికొకసారైనా పూర్తి కంటి పరీక్ష చేయించడం తల్లిదండ్రుల బాధ్యత కాగా, ఆ పరీక్షను పల్లె ముంగిటికి తేవడం ప్రభుత్వ బాధ్యత.