అమ్మ కాఫీ పళ్ళు కోయడం "లోక పని" అయితే, మరి దేవుని పని ఏది?

పోస్టు కాస్త పొడుగే, అయినా చివరిదాకా చదవండి. మన గ్రూపులో క్రైస్తవ కుటుంబాల పిల్లలు చాలామందే ఉన్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. మిగతా అన్నలు, అక్కలు కూడా చదవండి. ఇది మనందరి అమ్మానాన్నల విషయమే.

డిసెంబరులో ఊరెళ్ళాం. మా పాడేరు కొండల్లో అప్పుడు కాఫీ కోతలు. సరిగ్గా అదే వారం మూడు రోజులు యూత్ కూటాలు పెట్టారు. మాలో ఇద్దరు "మేం తోటకి వెళ్ళాలి, అమ్మ ఒక్కతే కోస్తోంది" అన్నారు. మైకులోనే జవాబొచ్చింది: "లోక పనులు ఎప్పుడూ ఉండేవే, దేవుని పనికి రండి." అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఇద్దరూ తలదించుకున్నారు.

మా గొడవ ఆ తలదించుకోవడం గురించే.

కాఫీ పండు "ఎప్పుడూ" ఉండదు. ఎర్రగా మాగినదాన్నే చూసి కోయాలి. పచ్చిది కలిస్తే రేటు పోతుంది. ఆలస్యమైతే చెట్టుమీదే ఎండిపోతుంది, రాలిపోతుంది. కోసిన రోజే తొక్క తీయాలి, కడగాలి, ఆరబెట్టాలి. మన పరీక్ష ఫీజు, బస్సు చార్జీ అందులోంచే వచ్చాయి. మందిరం కానుక పెట్టెలో పడే నోటూ అందులోంచే వచ్చింది. కోతకాలపు పండుగకి మనం తెచ్చిన గుమ్మడికాయకి ప్రార్థన చేస్తారు, వేలం వేస్తారు. కాయ పరిశుద్ధం, దాన్ని పండించిన చెయ్యి మాత్రం లోకసంబంధమా? ఇదెక్కడి లెక్క?

బైబిలే తీసి చూద్దాం. ఆదికాండం 2వ అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సాగు చేయడానికీ, కాయడానికీ. అప్పటికింకా పాపం రాలేదు. అంటే పని శాపం కాదు, శాపం కంటే ముందే ఇచ్చిన బాధ్యత. విశ్రాంతి దినం గురించి చెప్పిన ఆజ్ఞలోనే ఆరు రోజులు పని చేయమనీ ఉంది. యేసు వడ్రంగి. మార్కు 6వ అధ్యాయం చూడండి, "ఈయన వడ్రంగి కదా" అని సొంత ఊరివాళ్ళే చిన్నచూపు చూశారు. చేతిపనిని తక్కువ చేసేవాళ్ళు ఆ రోజు ఎటువైపు నిలబడ్డారో గమనించండి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. 1520లో జర్మనీలో మార్టిన్ లూథర్ కూడా ఇదే వాదించాడు: చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు, బోధకుడు చేసే పనులు వేరు, దేవుని ముందు స్థానం మాత్రం ఒక్కటే.

"మరి మార్త, మరియల సంగతి?" అని అడుగుతారు. అడగండి. యేసు మార్తని వంట మానెయ్యమనలేదు, ఆమె ఆందోళనని చూపించాడు. అదే యేసు తిరిగి లేచాక ఒడ్డున నిప్పు రాజేసి, చేపలు కాల్చి శిష్యులకి పెట్టాడు. రాత్రంతా వల వేసి అలసిపోయినవాళ్ళకి ముందు తిండి పెట్టాడు, తర్వాతే మాట్లాడాడు.

ఇప్పుడు అసలు విషయం. పనిని "లోకం"లోకి నెట్టేస్తే, ఆ పనిలో జరిగే మోసం కూడా లోకంలోకే పోతుంది. సంతలో పసుపుకి, చింతపండుకి తూకం తగ్గిస్తే మనం ఏం చేస్తున్నాం? "ప్రార్థన చేద్దాం" అని ఇంటికొచ్చేస్తున్నాం. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెప్తోంది. కూలివాడికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక చెప్తోంది. మన కూటాల్లో వీటి మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నాం? త్రాసు గురించి దేవుడు పట్టించుకుంటుంటే, మనం ఎందుకు పట్టించుకోం?

ఇంకోటి. తోట పని లోక పని అని చిన్నప్పటి నుంచి విన్న పిల్లాడు చదువయ్యాక తోట వైపు చూడడు. చూసేవాళ్ళు లేని భూమి ఎవరి చేతిలోకి పోతుందో మన ఏజెన్సీలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మేం పాస్టర్లకి వ్యతిరేకం కాదు. మన గూడేల్లో చాలామంది కాపరులు ఆదివారం వాక్యం చెప్పి సోమవారం పొలంలో దిగేవాళ్ళే. వాళ్ళంటే మాకు గౌరవం. ప్రార్థన వద్దనీ అనట్లేదు. ప్రార్థనకీ పనికీ మధ్య కట్టిన గోడ వద్దంటున్నాం.

మేం అడిగేది ఇంతే. కోతల వారంలో కూటాలు పెట్టొద్దు. పెడితే సాయంత్రం పెట్టండి, పగలు యూత్ అంతా కలిసి మనుషుల్లేని విధవ తల్లుల తోటలు కోద్దాం. సాక్ష్యాల టైంలో తూకంలో మోసపోయినవాళ్ళనీ మాట్లాడనివ్వండి. సంత రోజు నలుగురం కాటా దగ్గర నిలబడదాం.

ఈసారి ఎవరైనా "దేవుని కోసం ఏం చేస్తున్నావ్?" అని అడిగితే తలదించుకోకండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. "అమ్మతో కాఫీ కోస్తున్నా" అని చెప్పండి.