కుంట గట్టున ఏమి నాటాలి?

పెరటిలో చిన్న కుంట తవ్వించుకున్న ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. గట్టు బోసిగా ఉందట. పొరుగువారు కాలువలోనుండి ఊదారంగు పూల మొక్క తెచ్చి ఇస్తామన్నారట. వేయవచ్చునా అని అడిగారు.

వద్దమ్మా, అది గుర్రపుడెక్క. పూలు అందమైనవే, కాదనము. దక్షిణ అమెరికాకు చెందిన ఆ మొక్కను 19వ శతాబ్దపు చివరిలో ఆ అందం చూచే మన దేశానికి తెచ్చారు. కొల్లేటిలోను, డెల్టా కాలువలలోను అది చేసిన పని మనకు తెలియనిది కాదు. అనువైన నీటిలో రెండు వారాలలో రెండింతలవుతుంది. చాపవలె పరచుకొని వెలుతురును అడ్డగిస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. పీకివేసినా విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బ్రతికే ఉంటాయి. వానలకు మీ కుంట పొంగితే ఆ నీరు పోయేది పక్క రైతు బోదెలోనికే గదా!

మేము చెప్పేది నీటిబ్రాహ్మి. మన చెరువుల అంచున, వరిమళ్ల ఒడ్డున దానంతటదే పాకే మొక్క. గుండ్రని ఆకుల సరస్వతి ఆకును కూడ కొందరు బ్రాహ్మి అంటారు, అది వేరు. దీని ఆకులు చిన్నవి, దళసరివి, జంటలుగా వస్తాయి. అయిదు రేకుల పువ్వు తెలుపు లేక లేత ఊదా, వ్రేలిగోరంత ఉంటుంది. గుర్రపుడెక్క ఆర్భాటం దీనికి లేదు గాని, గట్టంతా పచ్చగా కప్పుకొన్నాక మధ్య మధ్య ఆ పూలు చూడముచ్చటగా ఉంటాయి.

విత్తనం అక్కరలేదు. నాలుగంగుళాల కాడలు త్రుంచి, క్రింది ఆకులు తీసి, రెండు కణుపులు బురదలో మునిగేటట్లు ఎండ తగిలే వైపున జానెడు ఎడంగా గ్రుచ్చండి. పాకినకొద్దీ కణుపు కణుపునా వేరు దిగుతుంది. పేడ ఎరువు ఎక్కువ వేయకండి, అది కుంటలోనికి దిగితే నీరు పాచిపడుతుంది. వేసవిలో నీరు దిగిపోయినప్పుడు గట్టు ఆరనీయక తడుపుతుండాలి. ఈ మొక్క ఎక్కువగా పోయేది అప్పుడే.

పరీక్షలనగానే జ్ఞాపకశక్తికని పిల్లలచేత ఈ ఆకు నమిలించే తల్లులున్నారు. మురుగు చేరే నీటిలో పెరిగితే ఈ మొక్క సీసము, కాడ్మియము వంటి లోహాలను పీల్చి ఆకులో నిలువచేసుకుంటుంది. అటువంటి కుంటలోని ఆకు నోట పెట్టనీయకండి. మంచి నీటిలోనిదైనా మందుగా వాడేముందు వైద్యుని అడగండి.

తొలకరి పడగానే నాటవచ్చును. కాడలు ఏ కాలువ ఒడ్డునుండి తెచ్చినా బకెట్టు నీటిలో బాగుగా కడిగి, గుర్రపుడెక్క పిలక ఒక్కటికూడ అంటుకొని రాలేదని చూచుకొని మరీ నాటండి.