సోలార్ వేడినీళ్లు – ముందు మీ నీళ్లు చూసుకోండి

చలికాలం వస్తే పెద్దవారికి కీళ్ల నొప్పులు, పసివారికి జలుబులు. అందుకే డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకోవాలని చాలా కుటుంబాలు ఆలోచిస్తుంటాయి. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవడం గురించి లూకా సువార్త 14వ అధ్యాయంలో చదువుతాము. ఇక్కడ ఆ లెక్క ధరతో కాక, నీళ్లతో మొదలుపెట్టాలని మేము అంటాము.

సబ్బుకు నురగ రాకపోయినా, కందిపప్పు త్వరగా ఉడకకపోయినా, నీళ్లు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కట్టినా మీ బోరువి కఠినజలాలే. ప్రకాశం, పల్నాడు ప్రాంతాలవారికి ఇది కొత్త కాదు. సోలార్‌లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అద్దం కింద నల్లని రేకు, దానికి సన్నని రాగి గొట్టాలు ఉండేది మొదటిది. మంచినీళ్లున్న ఇంట్లో అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కొనేటప్పుడు ఐ.ఎస్. 12933 ముద్ర చూసుకోండి. కఠినజలాలతో మాత్రం ఆ సన్నని గొట్టాలు పెచ్చుకట్టి పూడిపోతాయి. రెండవది గాజు గొట్టాలది. ఇవి లావుగా ఉంటాయి గనుక ఊడదీసి కడగవచ్చు, ధరా తక్కువే. అయితే కోతుల బెడద ఉన్న ఊళ్లో ఆలోచించాలి. ఒక్క గొట్టం పగిలినా ట్యాంకు నీళ్లన్నీ కారిపోతాయి. ఎండకు కాగి ఖాళీగా ఉన్న గొట్టాల్లోకి చన్నీళ్లు వదిలినా పగిలిపోవచ్చు, తెల్లవారుజామునే నింపించండి.

నలుగురున్న ఇంటికి 100 లీటర్లది చాలు. అమ్మేవారు 200 లీటర్లది తీసుకోమంటారు. (దైవసేవకులు, చుట్టాలు వస్తూపోతూ ఉండే ఇల్లయితే సరే!) 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచడానికి గీజరుకు సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి. ఏడాదిలో మీరు వేడినీళ్లు వాడే రోజులతో దీన్ని గుణించండి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే వాడే కోస్తా ఇంటికి ఏడాదికి మిగిలేది సుమారు 250 యూనిట్లే. అలాంటివారు చిన్న గీజరుతో సరిపెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. బాలింత గాని, మంచంపట్టిన పెద్దవారు గాని ఉంటే లెక్క వేరు.

ఇక బిగించేటప్పుడు సోలార్ దక్షిణానికి తిరిగి ఉండాలి, దానిపై నీడ పడకూడదు. చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం సోలార్ ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి. స్నానాలగదికి పైపు ఎంత పొడవైతే వేడినీళ్లు వచ్చేలోగా అంత నీరు వృథా. ఎండాకాలంలో నీళ్లు 60 డిగ్రీలు కూడా దాటుతాయి. పిల్లల బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్ల కుళాయి తిప్పండి.